డిస్ అనే ఉపసర్గ

వ్యాసర్పాడి, చెన్నై
జులై 6

అన్నకు గోవిందమ్మ నమస్కారాలు.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసినాం. మొన్న మధ్యాహ్నం ఆయన్ని ఆటోలో తీసుకొచ్చి, ఎదురింటి వాళ్ళు ఇద్దరు సాయం పట్టి లోపల మంచం మీద పడుకోబెట్టినారు. వర్క్‌షాపులో లేత్ ముందర నిలబడుకోనుండి నిలబడినట్టే పక్కకి ఒరిగిపోయినాడని వదినకు ఫోనులో చెప్పినా కదా. నీకు చెప్పే ఉంటుంది. కుడి చెయ్యి, కుడి కాలు ఇంకా రాలేదు. మూతి రవంత సరి అయింది. మాట మాత్రం లేదు. నోరు తెరిస్తే గాలీ, దానెంబడి ఒక మూలుగూ వస్తా ఉండాది. ఏం కావాలో చెప్పలేక ఎడమ చేత్తో మంచం పట్టీని కొడతాడు. నేను ఒక్కొక్కటే అడగాల. నీళ్ళా, దుప్పటా, ఫ్యానా అని. సరైనది వచ్చేసరికి ఆయనకి ఏడుపు వచ్చేస్తాది.

ఉత్తరం ఎందుకు రాస్తా ఉండానంటే, ఇది వదినకు ఫోనులో చెప్పి, ఆమె కాగితం మీద రాసి నీకు చూపించే సంగతి కాదు. అన్నీ ఇంగ్లీషు మాటలు. రంజని అని ఒక అమ్మాయి, మాటలు నేర్పించే డాక్టరు, ఆస్పత్రిలో రోజూ వచ్చి చూసేది. ఆయనకి రెండు ఉండాయనింది. ఒకటి డిసార్త్రియా. ఇంకొకటి డిస్ఫేజియా. నేను విన్నది విన్నట్టు తెలుగులో రాస్తా ఉండా. కాగితాల్లో ఉండేది డాక్టరు గొలుసు రాత, దాంట్లో ఒక్క అక్షరం కూడా నాకు తెలియలేదు. అరవంలో వివరంగానే చెప్పింది ఆ అమ్మాయి. అయినా పేరుకి అర్థం ఏందో నీ నోట తెలుసుకుంటే నాకు ధైర్యం. చిన్నప్పుడు నాకు స్పెల్లింగులన్నీ చెప్పిచ్చింది నువ్వే కదా.

ఇంకొక సంగతి. డిస్చార్జ్ అన్నారు కదా, దాంట్లో ఉండే డిస్సూ దీంట్లో ఉండే డిస్సూ ఒకటేనా?

నీ తుంటి ఎట్లుండాది? వాకర్ లేకుండా నడవాలని చూడబాకు.

నీ చెల్లెలు
గోవిందమ్మ


పుత్తూరు
జులై 11

చెల్లెలు గోవిందుకు మీ అన్న దేవరాజులు దీవెనలు.

నీ ఉత్తరం నిన్న అందింది. మీ వదిన వంటింట్లో ఉంటే పిలిచి కూర్చోబెట్టి చదివి వినిపించాను. నేను వచ్చి బావ పక్కన నిలబడవలసిన సమయం ఇది. తుంటిలో ప్లేటు వేశాక వాకిలి దాకా పోయి రావడమే నాకు ప్రయాణమైంది. చెవి సంగతి నీకు తెలుసు. మిషను పెట్టుకుంటే కూత తప్ప మాట వినపడదు. కాబట్టి నాకు చేతనైనది చేస్తాను.

నీ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. నా దగ్గర చదివిన పిల్లలు ఒక్కరూ అడగలేదు. ఆ రెండు డిస్సులూ ఒకటి కావు. డిస్చార్జ్‌లో ఉన్నది ఐ అక్షరంతో రాసే డిస్. దానికి అర్థం విడదీయడం, తీసివేయడం. చార్జ్ అంటే మోపిన బరువు. డిస్చార్జ్ అంటే బరువు దింపడం. బావ జబ్బు పేర్లలో ఉన్నది వై అక్షరంతో రాసే డిస్. అది గ్రీకు భాష నుంచి వచ్చింది. చెడిన, కష్టమైన అని అర్థం. నాయనకు వచ్చిన డిసెంట్రీ గుర్తుందా, అందులోదీ ఇదే. ఎంటెరాన్ అంటే పేగు. పేగు చెడడం డిసెంట్రీ. అక్షరాలు తారుమారుగా కనబడే పిల్లలకు డిస్లెక్సియా అంటారు. లెక్సిస్ అంటే మాట. పైకి రెండూ డిస్ అనే వినపడతాయి. రాస్తేనే తేడా తెలుస్తుంది.

ఇక డిసార్త్రియా. ఆర్త్రాన్ అంటే కీలు. కీళ్ళవాతాన్ని ఆర్త్రయిటిస్ అంటారే, ఆ మాటే. నాలుక, పెదవులు, దవడ కలిసి మాటను కీలు కీలుగా అతుకుతాయి. ఆ అతుకు కుదరకపోతే డిసార్త్రియా. పలికేటప్పుడు త్రి దగ్గర నాలుక కొసను పళ్ళ నడుమ పెట్టాలి.

డిస్ఫేజియాకు నా పాత డిక్షనరీ తీసి చూశాను. ఫేసిస్ అంటే పలుకు. పలుకు కష్టమవడమే డిస్ఫేజియా. ఫే మీద ఒత్తి పలకాలి. చూశావా, రెండు పేర్లూ మాటకు సంబంధించినవే. వేరే భయం ఏమీ లేదు. మాట ఒక్కటే పోయింది, అది నేర్పితే వస్తుంది. చిన్నపిల్లలకు నేర్పించినట్టు నేర్పించు. వాళ్ళకు ఇష్టమైన వస్తువు చూపించి పేరు చెప్పమంటాం కదా. బావకు ఇష్టమైనవి చేసి పెట్టు, పేరు చెప్పించి పెట్టు. నోరు ఆడితేనే మాట వస్తుంది. జబ్బు మనిషని గంజినీళ్ళతో ఎండబెట్టవద్దు.

మీ అన్న
దేవరాజులు


వ్యాసర్పాడి, చెన్నై
జులై 19

అన్నకు గోవిందమ్మ రాసేది.

నీ ఉత్తరం చదివి ఎంత నిమ్మళం అయిందో చెప్పలేను. రెండుసార్లు ఆయనకి చదివి వినిపించినా. నాయన డిసెంట్రీ దగ్గర ఆయన నవ్వినాడు. మూతి ఒక పక్కే నవ్వింది, అయినా నవ్వే.

అన్నా, ఆయన మాట్లాడినాడు. శనివారం సాయంకాలం. నేను టీ కాచి నా గ్లాసులో పోసుకోని వచ్చి మంచం దగ్గర కూర్చున్నా. ఆయన గ్లాసునే చూస్తా ఉండాడు. రోజుకి ఆరు టీలు తాగే మనిషి కదా. వర్క్‌షాపులో ఆయన్ని టీ దొరస్వామి అంటారు. నెల దాటిపోయింది ఒక్క గుక్క లేక. నీ ఉత్తరం నా ఒళ్ళోనే ఉండాది. నేను గ్లాసు ఎత్తి చూపించి, "ఇదేంది? పేరు చెప్పు" అన్నా.

మూలిగినాడు.

"అట్లా కాదు. పేరు చెప్తేనే ఇస్తా."

మెడ నరాలు లేచేట్టుగా ఏదేదో చేసినాడు. ఈ అని వచ్చింది. నేను తల అడ్డంగా ఊపినా. మళ్ళీ ఈ. మళ్ళీ. తరవాత ఉన్నట్టుండి టీ అన్నాడు. ట తోనే అన్నాడన్నా. నా గ్లాసు ఆయన నోటికి పెట్టినా. సగం గెడ్డం మీద కారిపోయింది. దగ్గు వచ్చింది, కళ్ళల్లో నీళ్ళు వచ్చినాయి. అయినా గ్లాసు విడిచిపెట్టలేదు. ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకోనుండాడు.

అప్పటినుంచి రోజూ రెండు పూటలా అడుగుతా ఉండాడు, నేను ఇస్తా ఉండా. నిన్న రసం అన్నం మెత్తగా పిసికి పెట్టినా. చాలా రోజులకి కడుపు నిండా తిన్నాడు.

మంగళవారం రంజని అమ్మాయి దగ్గరకి పోవాల్సింది. వాన పడి రైలు కట్ట కింద సబ్‌వేలో నీళ్ళు నిలబడినాయి. ఆటోవాళ్ళు రామన్నారు. పోలేదు. వచ్చే వారం చూస్తా.

రవంత దగ్గు ఉండాది. మాట్లాడబోతే గొంతులో నీళ్ళు గలగలమన్నట్టు వినపడతాది. వాన గాలికి అనుకుంటా.

గోవిందమ్మ


పుత్తూరు
జులై 24

చెల్లెలికి,

బావ టీ అన్నాడన్న సంగతి చదివి మీ వదిన కళ్ళు తుడుచుకుంది. నేను ఆ ఒక్క పేరా నాలుగుసార్లు చదువుకున్నాను. ట పలకడం చిన్న సంగతి కాదు. నాలుకను మడిచి అంగిట్లో కొట్టాలి. అది వచ్చిందంటే మిగతావి వస్తాయి. ఇప్పుడు పెదవులతో పలికేవి పట్టు. ప, బ, మ. పాలు, పప్పు, బెల్లం, మామిడి. చూపించు, చెప్పించు, తినిపించు.

దగ్గుకు మిరియాల రసం పలచగా కాచి తాగించు. అమ్మ మనకు చేసినట్టు. గొంతు తేటపడుతుంది.

ఇంతకాలానికి నా చదువు ఇంట్లో మనిషికి అక్కరకు వచ్చిందని సంతోషంగా ఉంది.

దేవరాజులు


చెన్నై, ఆస్పత్రి
ఆగస్టు 2

అన్నకు,

బెంచీ మీద కూర్చుని రాస్తా ఉండా. రాత బాగుండదు.

పోయిన శనివారం ఆయనకి జ్వరం ఎక్కువై, ఎద ఎగిరెగిరి పడింది. పెదవులు నల్లబడినాయి. అంబులెన్సులో తెచ్చినాం. ఊపిరితిత్తుల్లో చీము పట్టిందంట, న్యుమోనియా అన్నారు. లోపల ఐ.సి.యు.లో ఉండాడు. పొద్దున ఒకసారి, సాయంకాలం ఒకసారి నన్ను వదలతారు. ముఖానికి మాస్కు కట్టి ఉండాది. ఈసారి ఇంకొక డిస్ చెప్పినారు. డిస్ప్నియా. దీని అర్థం నువ్వు రాయాల్సిన పన్లేదు. ఊపిరి అందకపోవడం. ఆయన్ని చూస్తేనే తెలిసిపోయింది.

నిన్న రంజని అమ్మాయి వచ్చింది. కోపం చెయ్యలేదు. నా పక్కనే బెంచీ మీద కూర్చుని, "ఏం పెట్టినారమ్మా ఇంట్లో?" అని అరవంలో అడిగింది. టీ, రసం అన్నా. "డిస్ఫేజియా ఉండే ఆయనకి టీ ఇచ్చినారా?" అనింది. "అది మాటకి సంబంధించింది కదమ్మా, మా అన్న ఇంగ్లీషు మాస్టరు, రాసినాడు" అన్నా. ఆ అమ్మాయి నా ముఖం చూసింది. తన గొంతు మీద వేలు పెట్టుకుని, "మాట కాదమ్మా. మింగడం" అనింది. మింగేది కడుపులోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి జారిందంట. టీ, రసం, అన్నీ.

నువ్వు చెప్పిన అర్థం వేరే కదన్నా. డిక్షనరీలో ఇంకోసారి చూడు.

గోవిందమ్మ


పుత్తూరు
ఆగస్టు 8

గోవిందూ,

చూశాను.

రెండు మాటలు ఉన్నాయమ్మా. ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి. పైనున్నది జీ అక్షరంతో. ఫేగీన్ అంటే తినడం. దాని అర్థం మింగలేకపోవడం. కిందనున్నది ఎస్ అక్షరంతో. దాని అర్థం పలకలేకపోవడం. మొదటిదాంట్లో జీని జ అని పలుకుతారు. రెండోదాంట్లో ఎస్‌ను జెడ్ లాగా పలుకుతారు. ఇంగ్లీషువాడి నోట ఆ రెండూ వేరు. మన నోట రెండూ జ. తెలుగులో రాస్తే రెండూ ఒకటే డిస్ఫేజియా. నువ్వు సరిగ్గానే విన్నావు, సరిగ్గానే రాశావు. చదివినవాడిని నేను. బావకు మాట పోయిందని ముందే తెలుసు కాబట్టి నా వేలు కిందిదాని మీదికి పోయింది. పై వరస చూడకుండా పుస్తకం మూశాను. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలను నిలబెట్టి జెడ్‌కూ జేకూ తేడా పలికించిన మనిషిని. మిరియాల రసం పలచగా కాచమని కూడా రాశాను.

డిస్ప్నియాలో పి పలుకుతుంది, న్యుమోనియాలో రాస్తారు గానీ పలకదు. నీ ఉత్తరం చదువుతూంటే నా బుర్రకు ముందు తోచింది అది. నన్ను చూసి నాకే అసహ్యం వేసింది.

మొన్న మీ వదినను ఒప్పించి ఆటోలో స్టేషనుకు పోయాను. చెన్నై బండి వచ్చింది. పెట్టె మెట్టు మీదికి కాలు ఎత్తాలి. ఎత్తలేకపోయాను. వెనక నుంచి ఒకాయన నడుము పట్టి లేపబోతే నొప్పికి కేక పెట్టానట, నాకు వినపడలేదు. జనం పక్కనుంచి ఎక్కేశారు. బండి కదిలిపోయింది. మీ వదిన నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి చీర కొంగుతో ముఖం తుడిచింది. మళ్ళీ ఆటోలో ఇంటికి వచ్చాం.

బావ ఎట్లా ఉన్నాడు? వదినకు ఫోను చెయ్యి. నన్ను ఏమైనా అను. అనకుండా ఉండవద్దు.

దేవరాజులు


వ్యాసర్పాడి, చెన్నై
ఆగస్టు 30

అన్నకు,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయలేదు. నువ్వు ఇట్లనే రాస్తావని నాకు తెలుసు. తప్పంతా నెత్తిన వేసుకుంటావని తెలిసే ఆ బెంచీ మీద అట్లా రాసినా. ఇంక దాచి పెట్టుకోలేను.

నాకు ముందే తెలుసన్నా.

మొదటిసారి ఇంటికి పంపించేటప్పుడే రంజని అమ్మాయి నన్ను మంచం దగ్గర నిలబెట్టి చెప్పింది. నీళ్ళు, టీ, రసం, మజ్జిగ, పలచగా ఉండేది ఏదీ నోట్లో పొయ్యకూడదు. రాగి సంకటి మాదిరి చిక్కగా ఉండేది, స్పూను స్పూనుగా, గెడ్డం కిందికి దించి పెట్టాలనింది. గ్లాసు చూపించి చెయ్యి ఊపింది. నా చేత తిరిగి చెప్పించుకుంది. నేను చెప్పినా. అరవం నాకు తెలియక కాదు కదా.

ఇంటికొచ్చిన రెండో రోజు నుంచి ఆయన నీళ్ళ బిందె వైపు చూడడం మొదలుపెట్టినాడు. పెదవులు పగిలిపోయినాయి. తడి గుడ్డతో తుడిస్తే ఆ గుడ్డని పళ్ళతో పట్టుకోని చీకేవాడు. ఎడమ చేత్తో నాకు దండం పెట్టినాడు. ముప్పై ఏళ్ళల్లో ఆయన నన్ను ఏదీ బతిమాలి అడగలేదు. ఆ చెయ్యి చూస్తా నేను సంకటి కలిపేదాన్ని.

అప్పుడు వచ్చింది నీ ఉత్తరం. భయం లేదు, ఇష్టమైనవి పెట్టు అని ఉండాది. పేరుకి అర్థం మాట అని ఉండాది. ఆ అమ్మాయి చెప్పింది వేరే అని నాకు తెలుసు. అయినా మా అన్న చదువుకున్నోడు, పుస్తకం చూసి రాసినాడు, ఆ పిల్లకి వయసెంత అనుకున్నా. అట్లా అనుకోవాలని ఉండింది నాకు. ఎవరైనా ఇవ్వచ్చు అని చెప్తే చాలని కాచుకోని ఉండినా. నువ్వు చెప్పినావు. నీ ఉత్తరం ఒళ్ళో పెట్టుకోని ఇచ్చినా.

ఆ మంగళవారం వాన లేదు. ఆ అమ్మాయి ముఖం చూడలేక పోలేదు.

ఆయన పోయిన వారం ఇంటికి వచ్చినాడు. ముక్కులోంచి సన్న గొట్టం వేసినారు. జ్యూసు, గంజి, మందులు అన్నీ దాంట్లోనే పోస్తా ఉండా. నోటికేమీ లేదు. గొట్టం రెండుసార్లు పీకేసినాడు. దాన్ని మళ్ళీ ఎక్కించేటప్పుడు ఆయన పడే అవస్థ చూడలేను. నర్సు చెప్పింది, చేతికి మెత్తటి గుడ్డ చుట్టి మంచానికి కట్టమని. కట్టినా. బాగుండే చెయ్యి అది ఒక్కటే.

నన్ను తిట్టాలంటే తిట్టు. ఆయనకి ఇవేమీ తెలియవు.

గోవిందమ్మ


పుత్తూరు
సెప్టెంబరు 6

గోవిందూ,

కోపం రాలేదని రాస్తే అబద్ధం. నెల రోజులు నేను సరిగ్గా తినలేదు, డిక్షనరీ ఉన్న అలమర తెరవలేదు. నీ ఉత్తరం చదివాక వాకర్ పట్టుకుని వాకిట్లో చాలాసేపు నిలబడ్డాను. మీ వదిన ఉత్తరం చదివి, "ఆ దాహం చూసి మీరైతే ఇవ్వకుండా ఉండేవారా" అని కాగితం మీద రాసి చూపించింది.

నువ్వు ముందే చెప్పి ఉంటే నేను వద్దనేవాడినా? వద్దని రాసి, ఇక్కడ పుత్తూరులో కూర్చుని మంచినీళ్ళు తాగేవాడిని. ఆ మంచం పక్కన ఉన్నది నువ్వు. తప్పు నీదా నాదా అన్నది పక్కన పెడదాం. పంచుకుంటే తగ్గేది కాదు అది.

గొట్టం ఎంతకాలం అంటున్నారు? మంగళవారాలు మానవద్దు.

దేవరాజులు


వ్యాసర్పాడి, చెన్నై
నవంబరు 12

అన్నకు గోవిందమ్మ.

వానలు పట్టుకున్నాయి. సబ్‌వేలో నిజంగానే నీళ్ళు. అయినా ఒక్క మంగళవారం కూడా మానలేదు. చుట్టుదారిలో పెరంబూరు మీద తిరిగి పోతా ఉండాం.

నిన్న పరీక్ష పెట్టినారు. మెషిను ముందర కుర్చీలో కూర్చోబెట్టి, మందు కలిపిన గట్టి పెరుగు ఒక స్పూను నోట్లో పెట్టినారు. లోపల అది ఎట్లా పోతాదో టీవీలో కనపడతాది. నన్ను కూడా అద్దం ఇవతల నిలబెట్టినారు. నల్లగా ఒక చుక్క గొంతులోకి దిగింది. దారి మారి ముందరుండే ఊపిరి దారిలోకి పోయింది. ఆయన దగ్గలేదు కూడా. దగ్గకపోవడమే ఎక్కువ ప్రమాదం అనింది రంజని అమ్మాయి. గొట్టం తీసే దారి లేదు. ముక్కులో ఎక్కువ కాలం ఉండకూడదంట, పొట్టకే రంధ్రం చేసి గొట్టం పెట్టాలంటా ఉండారు. సంతకం పెట్టి వచ్చినా.

"మాట మాత్రం బాగా వస్తా ఉండాది, చూసినారా" అనింది ఆ అమ్మాయి నన్ను సంతోషపెట్టాలని. నిజమే. ఆ డిసార్త్రియా రోజురోజుకీ తగ్గతా ఉండాది. ఇప్పుడు గోవిందూ అంటాడు. ఫ్యాన్ అంటాడు. నొప్పి అంటాడు. చేతికి కట్టు విప్పేసినా, గొట్టం ముట్టుకోనని మాట ఇచ్చినాడు, ముట్టుకోవడం లేదు. పెసరట్టు అన్నాడు ఒక రోజు, అంత పెద్ద మాట. ఎదురింట్లో పోపు వేస్తే కరివేపాకు అంటాడు. ముందర మంచం కొట్టేటప్పుడు నాకు తెలియలేదని తప్పించుకునేదాన్ని. ఇప్పుడు అన్నీ తేటగా అడగతాడు. అన్నిటికీ లేదు అనేది నేనే. నేను తినేది ఆయనకి కనపడకూడదని పెరట్లో నిలబడుకోని తింటా ఉండా. వాన వస్తే తినడం లేదు.

నిన్న పరీక్ష అయి ఇంటికి వచ్చినాక గొట్టంలో గంజి పోస్తా ఉండా. ఆయన నన్నే చూస్తా ఉండాడు. నీళ్ళు అన్నాడు. లేదు అన్నా. కొంచెం అన్నాడు. తల అడ్డంగా ఊపినా. "ఎందుకు?" అన్నాడు. ఒక్క అక్షరం కూడా తప్పు లేదన్నా. నీ క్లాసులో నిలబెట్టి పలికించినా అంత చక్కగా రాదు. ఇన్ని నెలల్లో ఆ మాట ఇప్పుడే వచ్చింది ఆయనకి.

గంజి అయిపోయింది. గొట్టం మూత పెట్టి, గిన్నె కడగడానికి పెరట్లోకి వచ్చేసినా. లోపలనుంచి మళ్ళీ అడిగినాడు. కొళాయి తిప్పి పెట్టినా, వినపడకుండా.

గోవిందమ్మ